చెరకు తోటలో పిలవని పేరు

మొన్న మాఘంలో సాంబయ్య కొడుకు సూరత్ అవతల పల్సానా దగ్గర ఫ్లాటు కొని గృహప్రవేశానికి పిలిస్తే నేనూ మా చిన్నమ్మా వెళ్ళాం. సాంబయ్యది మానేరు ఒడ్డున మా ఊరే. వాళ్ళ నాయన మా గడి వాకిట్లో చెప్పులు విడిచి నిలబడ్డవాడు. ఇప్పుడు వాళ్ళ ఎనిమిదో అంతస్తుకు లిఫ్టులో ఎక్కి వెళ్ళింది మేము. అందులో నాకు నామోషీ ఏమీ లేదు. పిలిచిన ఇంటికి వెళ్ళడం, పెట్టింది తిని బాగుందని చెప్పి రావడం మా ఇంట్లో నేర్పిన పద్ధతి. పాలు పొంగాయి, అందరూ చప్పట్లు కొట్టారు, కోడలు ఫోనులో ఎవరికో గుజరాతీలో వంటింటి గట్టు చూపిస్తోంది. సాంబయ్య మా ఇద్దరినీ బాల్కనీలోకి తీసుకువెళ్ళాడు. కింద రంగుల మిల్లుల పొగగొట్టాలు, వాటి నడుమ గీతలు గీసి వదిలేసిన ప్లాట్లు, సిమెంటు రోడ్లు. ఒక మూల, నీళ్ళ ట్యాంకు అవతల, రుమాలంత పచ్చదనం.

"గదే అమ్మా," అన్నాడు సాంబయ్య గొంతు తగ్గించి. "అప్పుడు గీ జాగ మొత్తం చెరుకే. ఇప్పుడు గా ముక్క మిగిలింది. కొడుకు ఈడ ఫ్లాటు తీసుకుంటనన్ననాడు వద్దందామనుకున్న. ఏమని చెప్పి వద్దనాలె?"

చిన్నమ్మ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని చాలాసేపు చూసింది. ఆమెకు డెబ్బై దాటాయి. ఏడాదిగా ఒకరిని ఇంకొకరనుకుంటోంది, తిన్న సంగతి మరిచిపోయి మళ్ళీ కంచం అడుగుతోంది. ఆమెకేం అర్థమైందో నాకు తెలియలేదు. తిరుగు ఆటోలో వడోద్ మలుపు వచ్చింది. అక్కడ నా మణికట్టు పట్టుకుని, "చెరుకు ఇంకా కొయ్యలేదేందే?" అని అడిగింది. ఆ రాత్రి నుంచి, రాయకూడదని ఇన్నాళ్ళూ పక్కన పెట్టిన సంగతి రాయడం మొదలుపెట్టాను.

మా ఇల్లు అనగానే నాకు గుర్తొచ్చేది వడోద్‌లోని రెండు గదుల రేకుల ఇల్లే. గడి చేజారేటప్పటికి నేను బాగా చిన్నదాన్ని. భూములు ఎలా పోయాయో చెప్పి జాలి అడుక్కోవడం మాకు అలవాటు లేదు కనుక ఇక్కడా చెప్పను. మా నాయన అంతకు ముందే జ్వరంతో పోయాడు. తాత మిగిలిన ఒక్క కొడుకునూ, ఇద్దరు కోడళ్ళనూ, నన్నూ వెంటబెట్టుకుని సూరత్ రైలెక్కాడు. సూరత్ ఎందుకంటే మా వైపు నేతవాళ్ళు సగం మంది అప్పటికే అక్కడ మరమగ్గాల మీద ఉన్నారు. వాళ్ళలో తనను "దొరా" అని పిలిచే నోళ్ళు ఇంకా ఉంటాయని తాత లెక్క. కొన్నేళ్ళు ఉన్నాయి కూడా. మగ్గాల షెడ్డును సూరత్‌లో ఖాతా అంటారు. చిన్నాయన ఒక ఖాతాలో పగటి షిఫ్టుకు కుదిరాడు. సాయంత్రం అతను ఇంటికి వస్తే చెవుల వెంట్రుకల మీద కూడా నూలు దుమ్ము తెల్లగా ఉండేది. తాత ఆ దుమ్ము కడిగే వరకూ కొడుకు వైపు చూసేవాడు కాదు.

తాత తెల్లవారుజామునే లేచి, రేకుల కింద చన్నీళ్ళు పోసుకుని, తలపాగా చుట్టుకుని, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క కుర్చీలో కూర్చునేవాడు. గోడకు ఆనేవాడు కాదు. నన్నూ ఆననిచ్చేవాడు కాదు. "గోడకు ఆనితే ఇల్లు మనను మోస్తున్నట్టు. మనం మొయ్యాలె దాన్ని," అనేవాడు. మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు. మా అమ్మ వడ్డిస్తుంటే ఆయన కంచం ముందు కూర్చున్న తీరు చూసి పక్కింటి సూరత్ ఆడవాళ్ళు తడిక సందుల్లోంచి నవ్వుకునేవారు. నవ్వితే నవ్వనివ్వమనేవాడు. కుళాయి దగ్గర బిందెల వరసలో మాత్రం ఆయన వంతు ఎవరూ తీసుకునేవారు కాదు. ఆయన ఏమీ అనకుండా నిలబడేవాడు, అంతే, ముందున్నవాళ్ళు పక్కకు జరిగేవారు. ఆ నిలబడడం నాకు వచ్చింది. మున్సిపాలిటీ తెలుగు బడిలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ అదే నాకు బెత్తంగా పనికొచ్చింది.

మిగతావన్నీ వదులుకున్న తాత ఒక్కటి వదల్లేదు. ఏటా ఎండలు ముదరకముందు మా ఇంటి దేవత గుట్ట మైసమ్మ పేర ఒక వేట చెయ్యాలి. ఆ వేటలో ఇనుము ఉండకూడదు. పూర్వం మా వంశంలో ఒకాయన ఇనుప ములికితో చూలు జింకను కొట్టాడట. ఆ ఏడు ఇంట్లో పుట్టిన బిడ్డ బతకలేదట. అప్పటి నుంచి ఏడాదికి ఒక్క రోజు, చేత్తో చేసిన వెదురు విల్లు, రాతి ములికి బాణం, అంతే. మా పాత గడిలో తుపాకులు ఉండేవని విన్నాను. అవి గొప్పకు. ఇది మొక్కుకు. అడవి జంతువును కొట్టడం చట్టం ఒప్పదని అప్పటికే అందరికీ తెలుసు. తాతకూ తెలుసు. ఆయన దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

శివరాత్రి దాటిందంటే ఆ రెండు గదులూ వేటకు సిద్ధమయ్యేవి. వ్యారా సంతలో కొన్న ముదురు వెదురును చీల్చి, పొట్టు పొయ్యి మీద దూలానికి కట్టి పొగపట్టించేవారు. ఆముదం రాసి రాసి దాని వీపు నల్లగా నిగనిగలాడేది. అల్లెతాటికి మోదుగ వేళ్ళ నార. ఆ వేళ్ళను నానబెట్టి, రాతి మీద దంచి, నార తీసి, తొడ మీద పేనడం ఇంటి ఆడపడుచు పని. ఇంటికి నేనొక్కదాన్నే కనుక ప్రతి ఏడూ అది నాదే. ఇప్పటికీ వాన వాసన వస్తే ముందు నానిన మోదుగ వేళ్ళ పులిసిన వాసనే వచ్చినట్టుంటుంది నాకు. రాళ్ళు కామ్‌రేజ్ అవతల తాపీ ఒడ్డు గులకల్లో దొరికేవి. తేనె రంగువి, మాంసం రంగువి, గుడ్డు తెల్లసొన లాంటివి. చిన్నాయన తోలు ముక్క ఒడిలో పరుచుకుని, జింక కొమ్ము కొనతో రాయి అంచును నొక్కి నొక్కి పెచ్చులు రాల్చేవాడు. దంచుడు కాదు, నొక్కుడే. పెచ్చు లేచేటప్పుడు గోరు విరిగినట్టు చిన్న చప్పుడు. వేప ఆకు కన్నా సన్నటి ములికి తేలేది. దాన్ని రెల్లు కర్ర చీలికలో దూర్చి, గుగ్గిలం, లక్క కాచి పోసి, నరంతో చుట్టేవాడు. గుగ్గిలం పొగకు మా ఇళ్ళ వరసంతా తలుపులు తెరిచి చూసేది. చిన్నమ్మ తడిగుడ్డతో నేలంతా అద్ది పెచ్చులు ఏరేది. అయినా ఉగాది వెళ్ళేదాకా ఎవరో ఒకరి పాదంలో ఒక పెచ్చు దిగుతూనే ఉండేది.

ఇనుము లేకుండా ఒక రోజు గడపడం గడిలో ఎలా ఉండేదో కాని, సూరత్‌లో అది పెద్ద యాతన. ముందు రోజు సాయంత్రమే కత్తిపీట, పెనం, పిన్నీసులు, తాళం చెవులు, మేకులు కొట్టిన చెప్పులు అన్నీ పక్కింట్లో పెట్టేవాళ్ళం. మట్టికుండలో జావ కాచుకునేవాళ్ళం. బస్సు ఇనుముది కనుక నడిచే వెళ్ళాలి. చిన్నాయనతో పాటు వచ్చే సాంబయ్య అప్పుడు పాతికేళ్ళవాడు, నోరు ఆగేది కాదు.

"దొరా, నా పంటికి వెండి తొడుగుంది. నడుస్తదా?"

"వెండి నడుస్తది. నీ నోరే నడవది," అనేవాడు తాత, మీసం కదలకుండా.

ఇంకో నియమం ఉంది. అన్నిటికన్నా గట్టిది అదే. బాణం తగిలిన జంతువును వదిలి రాకూడదు. కొట్టినవాడు ఒక్కడే నెత్తురు జాడ పట్టుకుని వెళ్ళి, దాని పని ముగించి రావాలి. అలా వెళ్ళినవాడు తిరిగి వచ్చేదాకా అతని పేరు ఎవరూ పిలవకూడదు. చావబోయే జంతువు చెవిలో ఏ పేరు పడితే ఆ పేరు గలవాణ్ణి తన వెంట తీసుకుపోతుందని తాత చెప్పేవాడు. చప్పుడుకు జంతువు బెదిరి ఇంకా దూరం పోకుండా పెట్టిన కట్టడేమోనని పెద్దయ్యాక నాకు తోచింది. ఆ రోజుల్లో తోచలేదు. తోచినా తాత ముందు అనేదాన్ని కాదు.

నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చిన ఏడు, వేటకు ముందు రోజు సాయంత్రం, చిన్నాయన ఆఖరి ములికి చెక్కుతున్నాడు. తాత కుర్చీలో ఉన్నాడు. నేను అల్లెతాటికి మైనం రాస్తున్నాను. చిన్నాయన తల ఎత్తకుండానే అన్నాడు.

"బాపూ, ఈ యేటితోని చాలు చేద్దాం."

"ఏది చాలు?"

"ఇదే, వేట. సేఠ్ ఇంకో రెండు మగ్గాలు నా చేతికిస్తనంటున్నడు. సాంబయ్యోళ్ళ వరసల గది చూసిన. ఆమెను తీస్కొని ఆడికి పోత. గీ విల్లు, గీ రాళ్ళు... ఖాతాల తెలిస్తే నవ్వుతరు."

"సాంబయ్యోళ్ళ వరసల," అన్నాడు తాత. అది ప్రశ్న కాదు.

"ఔ. వాళ్ళేం మనుషులు కాదా?"

తాత లేచి నిలబడి అన్నాడు. "మగ్గం నడుపుకో. బువ్వ కోసం నడుపుతున్నవని ఊకున్న. కని ఈ వేట ఇడిసిపెట్టిననాడు, ఈ ఇంటిపేరుతోని నిన్ను ఎవ్వరు పిలవద్దు. చెప్తున్న."

చిన్నాయన నవ్వాడు. కోపం నవ్వు కాదు, అలిసిన నవ్వు. "ఇప్పుడు మాత్రం ఎవలు పిలుస్తున్నరు బాపూ? ఖాతాల నన్ను మగ్గం నంబరు పెట్టి పిలుస్తరు."

పొయ్యి దగ్గర చిన్నమ్మ చేతిలో గరిటె ఆగింది. ఆమెకు గది సంగతి ముందే తెలుసని ఆ ఆగడంలో నాకు తెలిసింది. ఆ కొత్త గదిలో పెట్టుకోవడానికి ఆమె ఒక చిన్న అద్దం కొని బియ్యం డబ్బా వెనక దాచుకుందని కూడా నాకు తెలుసు.

తెల్లవారుజామునే బయలుదేరి పల్సానా వైపు నడిచాం. ముందు తాత, వెనక విల్లుతో చిన్నాయన, ఆ వెనక సాంబయ్యా, మా ఊరివాళ్ళే మరో ఇద్దరూ. జావకుండతో చిన్నమ్మా, పసుపునీళ్ళ ముంతతో నేనూ అందరికన్నా వెనక. మా అమ్మ ఇంట్లో దీపం దగ్గర ఉండిపోయింది. వేట నుంచి వచ్చేవాళ్ళ కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసేది ఆడవాళ్ళే కనుక పొలం గట్టు దాకా మాకు అనుమతి. చెప్పులు లేని కాళ్ళకు తారురోడ్డు అప్పటికింకా చల్లగా ఉంది. అప్పుడు అటు చెరకే చెరకు. చాలా తోటలు కోత అయిపోయి మోళ్ళుగా ఉన్నాయి, ఒక పెద్ద తోట మాత్రం నిలబడి ఉంది. పొరుగు తోటలు కోసేస్తే వాటిలో ఉన్నవన్నీ మిగిలిన దాంట్లోకే చేరతాయని తాత దానికి ఎదురుగా తుమ్మ పొదల్లో చిన్నాయనను కూర్చోబెట్టాడు. ఎప్పటిలా చెవులపిల్లో, కౌజుపిట్టో దొరికితే మొక్కు తీరుతుంది. రాతి ములికికి అంతకన్నా పెద్దది పడుతుందని ఎవరూ అనుకోలేదు.

వచ్చింది అడవి పంది. ఒంటరి మగది. చెరకు అంచున ఆగి ముట్టె ఎత్తి గాలి చూసింది. నేను గట్టు మీంచి చూస్తున్నాను. చిన్నాయన దాన్ని వదిలెయ్యవచ్చు. అందరం వదిలేస్తాడనే అనుకున్నాం. అతను తల తిప్పి ఒక్కసారి తాత వైపు చూశాడు. తర్వాత విల్లు చెవి దాకా లాగాడు. నేను పేనిన తాడు మోగడం నాకు వినిపించింది. బాణం దాని ముందుకాలి జబ్బ వెనక దిగబడింది. పంది అరవలేదు. గిర్రున తిరిగి చెరకులోకి దూసుకుపోయింది. దాని వెనక ఆకులు మూసుకున్నాయి.

చిన్నాయన లేచి, పంచె పైకి కట్టి, ఇంకో రెండు బాణాలు నడుముకు దోపుకున్నాడు. చిన్నమ్మ దగ్గరకు వచ్చి కుండలో చెయ్యి ముంచి రెండు చుక్కల జావ నాలుకకు రాసుకున్నాడు. "నువ్వు తిను. నేనొచ్చేదాక ఆగకు," అన్నాడు. చెరకులోకి వెళ్ళాడు. పొద్దు అప్పుడు తాటిచెట్టంత కూడా ఎక్కలేదు.

మధ్యాహ్నం దాకా ఎవరికీ దిగులు లేదు. దెబ్బతిన్న పంది దూరం పోతుంది. పొద్దు నెత్తి మీది నుంచి వాలేటప్పటికి సాంబయ్య పరాచికాలు ఆగిపోయాయి. తోటలోంచి చప్పుడు లేదు. చెరకు మధ్య మనిషి నిలబడి ఉన్నా కనిపించడు, పడిపోయి ఉన్నా కనిపించడు. పిలిస్తే పలకాలి, అంతే. చిన్నమ్మ తాత దగ్గరకు వెళ్ళింది. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఎదుట నిలబడి మాట్లాడింది అదే మొదటిసారి.

"మామయ్యా, ఒక్క పిలుపు పిలుస్త."

"నోరు మూయి. వాడు వేటలున్నడు," అన్నాడు తాత, ఆమె నోటికి అడ్డంగా చెయ్యెత్తి.

"పంది మర్లబడ్డదేమో. పడిపోయి ఉన్నడేమో."

"పడితే లేస్తడు. నువ్వు పిలిస్తే లెవ్వడు."

సాంబయ్య కలగజేసుకున్నాడు. "దొరా, పేరు పిలవను. ఓ అని ఒక్క కూత వేస్త."

"వాడేమన్న కుక్కనారా, కూతేస్తే రావటానికి?"

మొగవాళ్ళు నలుగురూ సాలు సాలునా లోపలికి వెళ్ళారు. నోరు విప్పకుండా, ఆకులు చీల్చుకుంటూ, ముఖాలన్నీ గాట్లు పడి బయటికి వచ్చారు. ఒక మనిషిని అతని పేరు పిలవకుండా చెరకు తోటలో వెతకడం ఎలా ఉంటుందో చూసినవాళ్ళకు తప్ప తెలియదు. పక్క సాలులో ఎవరో కదులుతారు, తమవాడే అయి ఉంటాడు, అయినా అడగకూడదు. చిన్నమ్మ గట్టు పొడుగునా తిరిగింది. దగ్గింది. చప్పట్లు కొట్టింది. తర్వాత రెండు చేతులూ పైకెత్తి గాజులు మోగించింది. అది పేరు కాదు కనుక తాత వద్దనలేదు. మట్టిగాజులు ఒకదానికొకటి తగిలి చిట్లుతున్నా ఆమె ఆపలేదు. ఆ చప్పుడు చిన్నాయనకు తెలుసు, పొద్దున్నే పొయ్యి ముట్టించేటప్పుడు వినే చప్పుడే. గాజులు రాలిపోయి, మణికట్ల మీద నెత్తురు చారలు మాత్రం మిగిలాక, ఆమె గట్టు మీద కూర్చుని తన నోటిని తన పైటతోనే గట్టిగా మూసుకుంది. ఆమె నోటి వెనక ఆ పేరు ఉందని, దాన్ని ఆమె పళ్ళతో పట్టుకుని ఉందని నాకు కనిపిస్తూనే ఉంది.

చీకటి పడుతుండగా మమ్మల్ని ఇంటికి పంపేశారు. తాత మాత్రం ఆ గట్టు మీదే నిలబడిపోయాడు. మర్నాడు సాంబయ్య వెళ్ళి చూస్తే అదే చోట, అదే నిలుపులో ఉన్నాడట. పోలీసులకు చెబుదామన్నారెవరో. చెబితే వేట సంగతి చెప్పాలి, ఇంటిపేరు కాగితం మీదికి ఎక్కాలి. తాత వినలేదు.

తోట కోతకు వచ్చినప్పుడు డాంగ్ అడవుల నుంచి వచ్చిన కూలీలు లోపల రెండు వస్తువులు చూసి కబురు పంపారు. ఒకటి పంది. నక్కలు పీకగా ఎముకలే మిగిలాయి, పక్కటెముకల మధ్య తేనె రంగు ములికి. మెడ దగ్గర ఇంకో ములికి, దగ్గర నుంచి వేసింది. అంటే దాని పని ముగించే వరకూ అతను నిలబడి ఉన్నాడు. రెండోది విల్లు. అక్కడికి కొంత దూరాన, రోడ్డు వైపు అంచు దగ్గర, శుభ్రమైన చోట పడుకోబెట్టి ఉంది. అల్లెతాడు విప్పి, వెదురు చుట్టూ చక్కగా చుట్టి, కొస లోపలికి దోపి. వేట ముగిశాక చిన్నాయన ఎప్పుడూ చేసే పద్ధతి అదే. నేల మీద ఎక్కడా ఇంకో ఆనవాలు లేదు.

ఆ విల్లు తాత చేతికి వచ్చిన సాయంత్రం చిన్నమ్మ గదిలోంచి బయటికి వచ్చి అడిగింది. "వేట అయిపోయింది గద మామయ్యా. ఇప్పుడు పిలవచ్చు గద?"

నియమం ప్రకారం పిలవచ్చు. జంతువు చచ్చింది, అడ్డం తీరింది. వెతికించవచ్చు, పత్రికలో వేయించవచ్చు, ఖాతాల్లో అడిగించవచ్చు. తాత ఆ వెదురును మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. "పందిని ఇడిసి రాలేదు. మా ఇంటోడే," అన్నాడు. ఆ గొంతులో అంత పొంగు నేనెప్పుడూ వినలేదు. తర్వాత, "తాడు ఇప్పి పోయిండు. ఇప్పినోడు తనంతల తనే రావాలె. పిలిచి తెచ్చుకునే గతి మనకు పట్టలేదు," అన్నాడు. చిన్నమ్మ లోపలికి వెళ్ళింది. బియ్యం డబ్బా కదిపిన చప్పుడు వినిపించింది.

అతను ఎటు పోయాడో మాకు తెలియదు. తాడు విప్పి రోడ్డెక్కి ఏ లారీలోనో వెళ్ళిపోయాడా? లేక ఆ అంచున కూర్చుని, మేం తిరిగే చప్పుడూ గాజుల చప్పుడూ వింటూ, ఒక్కసారి పేరు పెట్టి పిలుస్తారేమోనని చూసి చూసి లేచాడా? చిన్నమ్మకు మొదటి నుంచీ రెండోదే నమ్మకం. ఒక్కసారే అంది నాతో, మినుములు చెరుగుతూ: "పిలిస్తే వచ్చెటోడు." భివండీలో చూశామని ఒకరు, షోలాపూర్‌లో అద్దకం పనిలో ఉన్నాడని ఒకరు కబుర్లు తెచ్చేవారు. తాత వినేవాడు, చెప్పినవాడికి టీ ఇప్పించేవాడు, ప్రశ్న అడిగేవాడు కాదు. మళ్ళీ వేట జరగలేదు. కాని ఏటా శివరాత్రికి, "తాడు పేనినవానే?" అని నన్ను అడిగేవాడు. పేనేదాన్ని. ఎక్కించేవాడు లేని తాడు. ఆయన పోయినప్పుడు తాపీ ఒడ్డున కొరివి నేను పట్టాను. కొడుకు లేడా అని అయ్యగారు అడిగితే, వేటకు వెళ్ళాడని చెప్పాను. ఆయన నా ముఖం చూసి మళ్ళీ అడగలేదు.

మా ఇంట్లో ఆ పేరు లేకుండా నలభై ఏళ్ళకు పైగా గడిచింది. చిన్నమ్మ బొట్టు తియ్యలేదు, మెట్టెలు తియ్యలేదు. తద్దినం పెట్టాలంటే పేరు పలకాలి, అందుకని అదీ లేదు. బతికున్నాడని కాదు, పోయాడని కాదు. రెండో గదిలో అతని చొక్కా తగిలించిన మేకు దగ్గర సున్నం వేసేటప్పుడు ఇప్పటికీ చుట్టూ వేసి వదిలేస్తాం. అమ్మ పోయాక మేమిద్దరమే. తలుపు చప్పుడైతే ఇద్దరం ఒకేసారి తల ఎత్తుతాం, ఒకరినొకరం చూసుకోం.

తాతను తప్పుపట్టడానికి నేనిది రాయడం లేదు. అన్నీ పోయినవాడికి ఒక నియమం మిగిలితే దాన్ని ఎంత గట్టిగా పట్టుకుంటాడో నాకు తెలుసు, నేనూ ఆ ఇంటిదాన్నే. అయితే ఇప్పటి రోజులు చూస్తుంటే నాకు వింతగా ఉంటుంది. ఇప్పుడు మా వరసలో పొద్దున లేస్తే పేర్లే. తల్లులు తెలుగులో మొదలుపెట్టి హిందీలో తిట్టి గుజరాతీలో బుజ్జగిస్తూ పిల్లల్ని పిలుస్తారు. మిఠాయి కొట్టువాడు మైకులో పేరు పిలిచి పొట్లం ఇస్తాడు. పెళ్ళాలు మొగుళ్ళను పేరు పెట్టి, అదీ సగం పేరుతో, మూడో అంతస్తు నుంచి కేకవేస్తారు. ఎవరికీ ఏమీ కావడం లేదు. పేరుకు అప్పుడున్న బరువు ఇప్పుడు లేదు. లేకపోవడం మంచిదని నా బుద్ధికి తెలుసు. మనసు ఇంకా ఒప్పుకోదు. ఆ బరువు ఉత్తదే అయితే, ఆ రోజు చిన్నమ్మ నోరు మూసుకున్నది దేనికోసం?

సాంబయ్య ఇంటి నుంచి వచ్చిన కొద్ది రోజులకు, సాయంత్రం షిఫ్టు మారే వేళ, నేను లోపల బియ్యం కడుగుతున్నాను. చిన్నమ్మ వాకిట్లో మెట్టు మీద కూర్చుని ఉంది. సందు నిండా పని దిగినవాళ్ళు, పనికి వెళ్ళేవాళ్ళు. ఉన్నట్టుండి ఒక పిలుపు వినిపించింది.

"విఠల్‌రావూ!"

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. అది ముసలిగొంతు కాదు. నా చేతిలో గిన్నె వదిలేసి బయటికి వచ్చాను. చిన్నమ్మ లేచి నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది, ఏదో గెలిచినట్టు. "విఠల్‌రావూ!" అని మళ్ళీ పిలిచింది.

ముసలివాళ్ళను గుజరాతీలో బా అని పిలిచే ఎదురింటి కోడలు కిటికీలోంచి, "ఎవలను పిలుస్తున్నవ్ బా? మీ ఇంట్ల మొగోళ్ళే లేరు గద," అని నవ్వింది. చిన్నమ్మ నోటి దాకా నా చెయ్యి వెళ్ళింది. ఎవరూ నేర్పకుండానే, తాత చెయ్యి ఎలా లేచేదో అలాగే లేచింది. ఆమె ఆ చేతిని చూసింది. భయపడలేదు. చిన్నపిల్ల అనుమతి అడిగినట్టు అడిగింది.

"వేట అయిపోయింది గదనే? ఇప్పుడు పిలవచ్చు గద?"

ఆ ప్రశ్నకు జవాబివ్వవలసిన మనిషి మా ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. చెయ్యి దించాను.

"పిలవచ్చు చిన్నమ్మా," అన్నాను.

ఆమె ఇంకోసారి నోరు తెరిచింది. దగ్గు వచ్చి మెట్టు మీద కూలబడింది. "నాకు దమ్ము లేదే. నువ్వు పిలువు. గట్టిగ," అంది. ఆ పేరు నా నోట ఎప్పుడూ రాలేదు, చిన్నప్పుడు చిన్నాయనా అనేదాన్ని, తర్వాత అదీ లేదు. సందు మధ్యకు వెళ్ళి నిటారుగా నిలబడ్డాను. మా ఇంటిపేరుతో కలిపి, బడిలో చివరి వరస దాకా వినిపించేలా ఎలా పిలిచేదాన్నో అలా పిలిచాను.

నడిచేవాళ్ళు ఆగారు. మగ్గాల దుమ్ము తెల్లగా పట్టిన నలుగురైదుగురు మగవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. ఒక్కొక్కరి ముఖమే పట్టి పట్టి చూశాను. ఎవరికీ ముప్పై దాటి ఉండవు. బతికి ఉంటే చిన్నాయన ఇప్పుడు పండుముసలి. ఇన్నేళ్ళూ తలుపు చప్పుడైనప్పుడల్లా నేను తల ఎత్తింది ఒక కుర్రవాడి కోసమని నాకు అప్పుడు తెలిసింది.

"ఇనపడలేదేమో," అంది వెనక నుంచి చిన్నమ్మ. "మళ్ళ పిలువు."

మళ్ళీ పిలిచాను.